పెదనాన్న గురించి, ముఖ్యంగా పిల్లలకు

అందరికీ నమస్కారం. ఆదివారం పెదనాన్న పెద్దకర్మ, తిరుపతి ఇంట్లోనే. బయటూరి వాళ్లు శనివారం రాత్రికే వచ్చేయండి.

మన పిల్లలకు ఆయన మంచం పట్టిన తాతగానే తెలుసు. ఒకప్పుడు శేషాచలం అడవి ఆయనకు పెరడు. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. తుంబురులో కొండ నిలువునా చీలినట్టుండే ఇరుకుదారి ఉంది కదా, అక్కడ ముందు తాను నీళ్లలో దిగి, కర్రతో లోతు చూసి, ఆ తర్వాతే మమ్మల్ని ఒక్కొక్కరినీ భుజాన ఎక్కించుకుని దాటించేవారు. జారుడు రాళ్ల మీద ఎవర్నీ తొందరపెట్టింది లేదు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక తీర్థాలు మానేశారు. ఎవరూ మానమనలేదు. అయినా నడిచే కొండెక్కుతానని ఆమె పట్టుబడితే, అలిపిరి 3,550 మెట్లు వద్దని, 2,388 మెట్లున్న శ్రీవారి మెట్టు దారిన తీసుకెళ్లారు. నిట్టనిలువు దారి అది. పొద్దున మొదలుపెట్టి, ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడే తనూ కూర్చుంటూ, మోకాళ్లు ఒత్తుతూ పైకి చేర్చారు. ఆ ఓపిక నాకు ఆయన సాహసాలన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

ఫోటోల్లో ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవారు. ఆయన కనిపించే ఫోటో ఎవరి దగ్గరున్నా శుక్రవారంలోపు గ్రూపులో పెట్టండి, పెద్దమ్మ అడుగుతోంది.