వచ్చిన నీళ్లు వెనక్కి పోతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

గత వానాకాలం మా వీధిలో వరుసగా నాలుగిళ్లలో వాంతులు, మోషన్లు పట్టుకున్నాయి. అందరం వీధి చివరి పానీపూరీ బండి మీద పడ్డాం. పాపం ఆ అబ్బాయి రెండు వారాలు బండే పెట్టలేదు. ఆ తర్వాత మా మోటరు చెడిపోయి ప్లంబర్‌ను పిలిస్తే, అతను సంపు మూత ఎత్తి చూసి "అమ్మా, ఈ రబ్బరు పైపు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు. నేనే పెట్టించాను. తెల్లవారుజామున నల్లా వచ్చినప్పుడు సంపులో నీళ్లు పడే చప్పుడుకు నిద్ర పాడవుతోందని, నల్లా పైపుకు రబ్బరు గొట్టం తొడిగించి అడుగుదాకా దింపించాను.

అతను నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి సంపు గోడ మీద మేకుతో గీత గీశాడు. నల్లా అప్పటికే బంద్ అయింది. మోటరు విప్పి బయట పెట్టి ఉంది. మేం చాయ్ తాగి వచ్చేసరికి నీళ్లు గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగాయి. సంపు పగిలిందేమో అనుకున్నాను. అతను గొట్టం ఊడదీశాడు. పైపు గుటగుటమని గాలి పీల్చుకుంది. ఇక ఆ తర్వాత నీళ్లు దిగలేదు.

మా వీధి మెరక. కింది వీధిలో కొందరు నల్లాకే నేరుగా మోటర్లు బిగించి లాగుతారు. సరఫరా ఆగాక మెయిన్ పైపులో మిగిలిన నీళ్లు కిందికి జారుతుంటే, వాటి వెంట మా సంపు నీళ్లు కూడా పోతున్నాయన్నమాట. ఆ సంపులోకి వానకు మోరీ నీళ్లు ఊరిన సంగతి మూత ఎత్తాకే తెలిసింది. జబ్బు మా సంపు వల్లే వచ్చిందని రుజువేమీ లేదు. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు. పానీపూరీ అబ్బాయి ఎదురైతే తల దించుకుని పోతున్నాను.

మోరీ నీళ్లయితే వాసనో రంగో పట్టిస్తుంది. మన నల్లగొండలో అంతకంటే మొండి బాధ ఇంకొకటి ఉంది. చాలా ఇళ్లలో బోరు పైపును, మిషన్ భగీరథ నల్లా పైపును ఒక టీ జాయింటు పెట్టి కలిపేస్తారు. మధ్యలో ఒక గేట్ వాల్వు ఉంటుంది. దాన్ని కట్టేయడం మరిచిపోయి బోరు వేస్తే, ఆ నీళ్లు మెయిన్ లైన్లోకి ఎక్కి పక్కింటి బిందెలో పడతాయి. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ అంతకు మించి ఉన్న నీళ్లు దశాబ్దాల పాటు తాగి, మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా ఇది. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరే పెట్టారు. గొప్పగా చెప్పుకోవాలో ఏడవాలో తెలియని పేరు. చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ వేసి ఇంటింటికీ కృష్ణా నీళ్లు తెచ్చుకున్నది మళ్లీ బోరు నీళ్లు కలుపుకోవడానికా?

అమెరికాలో మా చెల్లెలి కొడుకు ఇంటి ముందు గడ్డికి నీళ్లు చల్లే పైపులున్నాయి. దానికే ఏటా నోటీసు వస్తుంది. నీళ్లు వెనక్కి పోకుండా బిగించిన వాల్వును లైసెన్సున్న మనిషి ప్రెషర్ కొలిచే గేజీ పెట్టి పరీక్షించి కాగితం ఇవ్వాలి. మొదట విని నవ్వాను. కానీ అక్కడ వాళ్లు ఒకప్పుడు గట్టి దెబ్బే తిన్నారు. 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ దగ్గర మంటలు ఆర్పడానికి నీళ్లు లాగితే లైన్లో ప్రెషర్ పడిపోయి, మైదానంలో గడ్డి తడిపే గొట్టాల గుంతల్లోని మురికి నీళ్లు తాగే పైపులోకి ఎక్కాయి. ఫుట్‌బాల్ జట్టు వాళ్లు 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది. అక్కడ మంటలొస్తే పడిపోయిన ప్రెషర్ మనకు నల్లా బంద్ చేసిన ప్రతిసారీ పడిపోతుంది.

మన దగ్గరా 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఈ జాగ్రత్తలున్నాయి. నల్లా పైపు మూతి నీటిమట్టానికి పైనే ఉండాలి. రెండింటి మధ్యా కొంత ఎడం ఉండాలి. కానీ ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్ కాగితం చూసేవాళ్లు, కట్టాక సంపు మూత ఎత్తి చూడరు. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు (ఎన్‌ఆర్‌వీ) ఒకసారి బిగిస్తే అయిపోయిందనుకుంటాం. లోపలి రబ్బరు అరుగుతుంది. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. అందుకే ఏడాదికోసారి చూడాలి.

హోటళ్లు, హాస్టళ్లు, ఆస్పత్రులు, కార్లు కడిగే షాపులు ఏటా ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేయించుకునేవే. ఆ కాగితాలతో పాటు ఈ వాల్వు పరీక్ష కాగితం కూడా అడిగితే సరిపోతుంది. అపార్ట్‌మెంట్లు, బోరున్న ఇళ్లు ఆ తర్వాత. మా వంటి ఇళ్లకు గేజీ అక్కర్లేదు, మూత ఎత్తి చూస్తే చాలు. పరీక్షించే పని ఐటీఐలో ప్లంబింగ్ నేర్చిన పిల్లలకు లైసెన్సు ఇచ్చి అప్పగించవచ్చు. "ఇంకో వసూళ్ల దుకాణం తెరుస్తారు" అని మా ఆయన అంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఫీజు ఎంతో ముందే ప్రకటించాలి, ఫలితం గేటు మీద అంటించాలి.

ముందు ఫంక్షన్ హాళ్లతో మొదలుపెట్టమని అధికారులకు నా మనవి. అంట్లు తోమే తొట్లలో మునిగి ఉండే ఆ గొట్టాలను పెళ్లిళ్ల సీజన్ రాకముందే ఒకసారి వెళ్లి చూడండి.

– ఒక గృహిణి, నల్లగొండ