పిల్లల వార్డు అరలోంచి ఆ సెలైన్ సీసా తీయించండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎమర్జెన్సీలో చేరే పిల్లలకు 0.18 శాతం సెలైన్ అనే, సోడియం తక్కువగా ఉన్న డ్రిప్ వల్ల రక్తంలో సోడియం పడిపోవడం గురించి మీకు రాస్తున్నాం. డాక్టర్లు తమలో తాము మాట్లాడుకోవలసిన విషయం మంత్రి దాకా ఎందుకని మీకు అనిపించవచ్చు. అర్ధరాత్రి వార్డులో పిల్లవాడికి ఏ సెలైన్ ఎక్కాలో చాలాసార్లు తేల్చేది అరలో ఏ సీసా ఉందన్నదే. ఆ అరలోకి ఏం రావాలో రాసే కొనుగోలు జాబితా మీ చేతిలో ఉంది.

రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. 135 కంటే దిగితే తక్కువ అంటాం, 125 కంటే దిగితే ప్రమాదం. కొందరు పిల్లలు వచ్చేటప్పుడే తక్కువ సోడియంతో వస్తారు. విరేచనాల్లో ఉప్పు పోయి, దానికి బదులు ఉత్త నీళ్లు తాగినవాళ్లు, మరీ పల్చగా కలిపిన డబ్బాపాలు పట్టిన పసికందులు, లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను రెండు లీటర్లలో కలిపి తాగినవాళ్లు ఇందులో ఉంటారు. పుట్టిన రెండు మూడు వారాలకు వాంతులతో, నీరసంతో వచ్చిన శిశువుకు సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా కనిపిస్తే అడ్రినల్ గ్రంథి లోపాన్ని అనుమానించి, రక్తం తీసిన వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి. వీళ్లను గుర్తుపట్టడం మా బాధ్యత, అది మేం చూసుకుంటాం. ఈ లేఖ ఇంకో రకం పిల్లల గురించి: మామూలు సోడియంతో ఆసుపత్రికి వచ్చి, మనం పెట్టిన డ్రిప్ వల్ల సోడియం పడిపోయిన పిల్లల గురించి.

పిల్లలకు రోజుకు ఎంత ద్రవం ఇవ్వాలన్న లెక్క 1957లో హాలిడే, సెగార్ అనే ఇద్దరు వైద్యులు ఇచ్చింది. మొదటి 10 కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి 10 కిలోలకు కిలోకు 50, ఆపైన కిలోకు 20. పరిమాణం లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. చిక్కంతా ఉప్పు లెక్కతోనే. ప్రతి 100 మి.లీ.కి 3 మిల్లీమోల్స్ సోడియం చాలని వాళ్లు అన్నారు, దానికి పాలలో ఉండే ఉప్పును ఆధారం చేసుకున్నారు. 0.18 శాతం సెలైన్ వాడకానికి మూలం అదే. పాలు తాగి, ఆడుకుని, మూత్రం ధారాళంగా పోసే పిల్లవాడికి ఆ ఉప్పు సరిపోతుంది. జబ్బుపడిన పిల్లవాడి ఒళ్లు అలా నడవదు. నిమోనియా, బ్రాంకియోలైటిస్, మెనింజైటిస్, ఆపరేషన్ నొప్పి, ఆగని వాంతులు, వీటిలో ఏది ఉన్నా ఏడీహెచ్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. అది మూత్రపిండాలను నీళ్లు వదలనివ్వదు. ఎక్కించిన నీరు ఎక్కించినట్టే ఒంట్లో నిలుస్తుంది.

నిమోనియాతో చేరిన 10 కిలోల పాపనే తీసుకోండి. గంటకు 40 మి.లీ. చొప్పున రోజుకు సుమారు ఒక లీటరు 0.18 శాతం సెలైన్ ఎక్కుతోంది. 0.9 శాతం సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీమోల్స్ సోడియం ఉంటే ఇందులో ఉన్నది 31. ఆ సీసాలో కలిపి ఉన్న గ్లూకోజును ఒళ్లు వాడేసుకున్నాక, ఆ లీటరులో సుమారు 800 మి.లీ. ఉత్త నీళ్లతో సమానం. పాప ఒంట్లో ఉన్న మొత్తం నీరు 6 లీటర్లు. ఆ 800లో సగం బయటికి పోకుండా నిలిచినా, పొద్దున 138 ఉన్న సోడియం మర్నాటికి 129కి వస్తుంది. యాంటీబయాటిక్‌ను 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో (గ్లూకోజు నీళ్లలో) కలిపి ఎక్కించిన నీళ్లు, నోటితో పట్టిన నీళ్లు ఈ లెక్కలో ఇంకా చేరలేదు. చార్టులో డ్రిప్ ఒక్కటే రాసి మందులతో పోయిన ద్రవాన్ని వదిలేయడం మేం తరచూ చూసే తప్పు.

సోడియం వేగంగా పడితే నీరు మెదడు కణాల్లోకి చేరి మెదడు ఉబ్బుతుంది. పిల్లల మెదడు పుర్రెతో పోలిస్తే పెద్దది, ఉబ్బడానికి చోటు తక్కువ. అందుకే పెద్దవాళ్లు తట్టుకునే స్థాయిలోనే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. ముందు వచ్చే గుర్తులు మాత్రం మామూలు జబ్బులాగే ఉంటాయి: తలనొప్పి, మళ్లీ వాంతి, చిరాకు, మగత. డ్రిప్ మీద ఉన్న పాప మగతగా ఉంటే ‘అలసిపోయి నిద్రపోతోంది’ అనుకుంటారు. వాంతి చేసుకుంటే ‘నీళ్లు పోతున్నాయి’ అని డ్రిప్ వేగం పెంచుతారు. ఈ రెండో పనే మమ్మల్ని ఎక్కువగా భయపెడుతుంది.

ఫిట్స్ వచ్చాక వాటిని ఆపే మందు మిడజోలం ఇస్తారు, ఆగకపోతే మరో డోసు ఇస్తారు. సోడియం అలాగే తక్కువగా ఉంటే ఫిట్స్ ఆగకపోవచ్చు, మందు ఎక్కువై ఊపిరి మాత్రం తగ్గుతుంది. అప్పుడు కావలసింది 3 శాతం సెలైన్: కిలోకు 2 మి.లీ., ఒక్కసారికి 100 మి.లీ. మించకుండా, 10 నుంచి 15 నిమిషాల్లో. మన 10 కిలోల పాపకు అది 20 మి.లీ., ఒక సిరంజిలో పట్టేంత. ఫిట్స్ ఆగకపోతే అదే డోసు మళ్లీ ఇవ్వాలి, గంటగంటకూ సోడియం చూడాలి. సోడియం 4 నుంచి 6 మిల్లీమోల్స్ పెరిగితే సాధారణంగా ఫిట్స్ ఆగిపోతాయి, ఆ తర్వాత తొందర పనికిరాదు. 24 గంటల్లో 8 నుంచి 10కి మించి పెరిగితే, అందులోనూ చాలా రోజులుగా తక్కువగా ఉన్న పిల్లల్లో, మెదడు నరాల పొర దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ డోసు చేతి నరం గుండానే ఇవ్వవచ్చు, సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) కోసం ఆగకూడదు. 3 శాతం లేదని 0.9 శాతం సెలైన్‌తో సరిపెడితే చాలదు. ఏడీహెచ్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండం అందులోని ఉప్పును వదిలేసి నీటిని దాచుకోగలదు, సోడియం ఇంకా పడుతుంది.

ఇప్పుడు మా విన్నపాలు. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: 0.18 శాతం సెలైన్‌ను, ‘పిల్లల మెయింటెనెన్స్’ (రోజువారీ అవసరానికి ఇచ్చే ద్రవం) అని లేబుల్ వేసి వచ్చే తక్కువ సోడియం ద్రవాలను ఎమర్జెన్సీ, సాధారణ పిల్లల వార్డు, ఆపరేషన్ థియేటర్ల సరఫరా నుంచి తీసేయించండి. ఆ లేబులే మనుషులను తప్పుదారి పట్టిస్తోంది. ‘పిల్లల’ అని రాసి ఉన్నదాన్ని పిల్లలకు పెట్టిన సిస్టర్‌ను ఎలా తప్పుపట్టగలం? బ్రిటన్‌లో జాతీయ రోగి భద్రతా సంస్థ 2007లోనే ఈ 0.18 శాతం సీసాలను పిల్లల వార్డుల సాధారణ నిల్వల నుంచి తొలగించమని హెచ్చరిక ఇచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో సోడియం పడిపోవడంతో ముడిపడిన ఐదుగురు పిల్లల మరణాలపై జరిగిన విచారణ 2018 జనవరిలో 96 సిఫారసులతో ముగిసింది. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 28 రోజులు దాటిన పిల్లలకు మెయింటెనెన్స్‌గా రక్తంతో సమానమైన సోడియం ఉన్న ద్రవమే ఇవ్వాలని మార్గదర్శకం ఇచ్చింది. మెల్‌బోర్న్‌లో జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో సోడియం 140 ఉన్న ద్రవం ఎక్కిన పిల్లల్లో 4 శాతం మందికి, 77 ఉన్నది ఎక్కినవాళ్లలో 11 శాతం మందికి సోడియం తగ్గింది. 77 అంటే మనం మాట్లాడుతున్న 31కి రెండింతలకు పైనే.

తీసేసినచోట ఖాళీ ఉంచితే కుదరదు. 0.9 శాతం సెలైన్‌లో 5 శాతం డెక్స్‌ట్రోస్ కలిపి తయారుగా వచ్చే సీసాలు, లీటరుకు 20 మిల్లీమోల్స్ పొటాషియం చేర్చినవి కూడా, కొనాలి. అవి లేనిచోట ఇప్పుడు చేత్తో కలుపుతున్నారు: 500 మి.లీ. 0.9 శాతం సెలైన్‌లోంచి 50 మి.లీ. తీసేసి, 50 శాతం డెక్స్‌ట్రోస్ 50 మి.లీ. పోస్తే డెక్స్‌ట్రోస్ 5 శాతం, సోడియం సుమారు 139 వస్తుంది. లెక్క మంచిదే. రాత్రి మూడింటికి, ఇరవై మంది పిల్లల మధ్య, ఒక్క సిస్టర్ కలిపేటప్పుడే ఒక ఆంప్యూల్‌కు బదులు ఇంకొకటి చేతికొస్తుంది. లేదా కలిపే తీరిక లేక, సోడియం బొత్తిగా లేని 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసాయే తగిలిస్తారు.

రెండోది, ప్రతి ఎమర్జెన్సీ ట్రాలీలో 3 శాతం సెలైన్ 100 మి.లీ. సీసాలు రెండు, వేరే పెట్టెలో, రంగు లేబుల్‌తో ఉండాలి. స్టోర్ గదిలో తాళం వెనక ఉంటే ఫిట్స్ వస్తున్న పిల్లవాడికి అది లేనట్టే.

మూడోది పరీక్ష. డ్రిప్ మొదలుపెట్టేముందు ఒకసారి, తర్వాత కనీసం 24 గంటలకొకసారి సోడియం చూడాలి. 130 కంటే తక్కువున్నా, పిల్లవాడు మగతగా ఉన్నా 4 నుంచి 6 గంటలకే చూడాలి. బ్లడ్ గ్యాస్ మెషిన్ నిమిషాల్లో ఫలితం ఇస్తుంది, దాని కార్ట్రిడ్జ్‌లు రాత్రిపూట అయిపోకుండా చూడటం సరఫరా విభాగం పని. రక్తం డ్రిప్ ఉన్న చేతి నుంచి తీయకూడదు, ఆ ద్రవమే కలిసి ఫలితం తప్పుగా వస్తుంది. మధుమేహంతో వచ్చిన పిల్లల్లో రక్తంలో డెసిలీటరుకు ప్రతి 100 మి.గ్రా. అదనపు చక్కెరకు సోడియం సుమారు 1.6 మిల్లీమోల్స్ తక్కువగా కనిపిస్తుంది. చికిత్సలో చక్కెర దిగుతున్నా సోడియం పెరగకపోతే మెదడు వాపును అనుమానించాలి.

28 రోజుల లోపు శిశువులు, గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, కాలినవాళ్లు, మెదడు ఆపరేషన్ అయినవాళ్లు, మూత్రం అతిగా పోయే డయాబెటిస్ ఇన్సిపిడస్ ఉన్నవాళ్లు ఈ సాధారణ నియమం కిందికి రారు. వాళ్ల ద్రవాన్ని నిపుణులే నిర్ణయించాలి. వాళ్ల కోసం కావలసిన కొద్దిపాటి తక్కువ సోడియం సీసాలు ఆయా విభాగాల్లోనే, సంతకం చేసి తీసుకునేలా ఉంచవచ్చు.

పాత నిల్వ అయిపోయాక కొత్తది అని ఆదేశంలో రాయవద్దని కోరుతున్నాం. నిల్వ అయిపోయేది పిల్లల ఒంట్లోకి ఎక్కే. ఆదేశం అందిన రోజే ఆ సీసాలను లెక్కబెట్టి, వార్డుల నుంచి స్టోర్‌కు వెనక్కి పంపమని రాయించండి.

ఇట్లు,
పిల్లల అత్యవసర విభాగాల్లో పనిచేసే వైద్యులు, నర్సులు