గ్రీకు కళ అంటే తెల్ల రాళ్ళేనా?

ఎడిటర్ గారికి నమస్తే. ఆదివారం అనుబంధంలో గ్రీకు, రోమన్ కళ మీద వేసిన వ్యాసం బానే ఉంది గానీ మొత్తం పాలరాతి విగ్రహాలే, పెయింటింగ్ గురించి ఒక్క ముక్క లేదండి. గ్రీకులు చెక్క పలకల మీద వేసిన బొమ్మలు దాదాపు అన్నీ పోయాయి, నిజమే, అలాగని అసలేం మిగల్లేదనుకుంటే ఎలా?

ఇటలీలో ఒకప్పటి గ్రీకుల ఊరు పేస్టమ్ దగ్గర 1968లో ఒక గ్రీకు సమాధి బయటపడింది, క్రీ.పూ. 470 ప్రాంతంది, దాని మూత రాయి మీద ఒకతను చేతులు ముందుకి చాచి నీళ్ళలోకి దూకుతూ గాల్లో ఉంటాడు, అటూ ఇటూ రెండు సన్నటి చెట్లు, అంతే. అదీ మూతకి లోపలి వైపు వేశారు, అంటే చనిపోయినాయన తప్ప ఇంకెవరూ చూడరన్నమాట! ఫొటోలో చూసినా ఒళ్ళు జలదరిస్తుంది నాకైతే.

ఇక ఇటలీలోనే ఉన్న పాత రోమన్ ఊరు పాంపే గోడలు సరేసరి. తడి సున్నం మీదే రంగులేసేవాళ్ళు కాబట్టి ఆరేసరికి రంగు గోడలో భాగమైపోయేది, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేసినా చాలా వరకు నిలిచాయి. అక్కడ ఎర్రగా కనిపించే గోడల్లో కొన్ని అసలు పసుపువట, వేడికి ఎర్రబడ్డాయని పరిశోధకులు చెప్తున్నారు.

ఈసారి వేస్తే వీటి ఫొటోలు కలర్‌లో, కాస్త పెద్దగా వెయ్యండి, స్టాంపు సైజులో కాదు.

- ఒక పాఠకుడు, విజయవాడ