గేటు కూసింది ఎవరి మీద?

చెన్నై,
ఆదివారం

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో మాట సగంలో తెగిపోయింది. "మీ హార్బర్ గేట్ల దగ్గర రేడియేషన్ మిషన్లున్నాయిగా, ఎవడైనా కంటైనర్లో అణుబాంబు పెడితే దొరికిపోడా?" అన్నావు. అంత తేలిక కాదురా. పోయిన నెల జరిగింది చెప్తా విను.

ఎన్నూరు రోడ్డు మీద ట్రైలర్ల క్యూ నువ్వూ చూశావుగా. అది దాటుకుని మా గ్రానైట్ పలకల బండి గేటుకొచ్చింది. రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్తుంటే ఒకటే కూత! గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే కాస్త ఉంటాయి, అందువల్లే అనుకున్నాం. బండి పక్కకు తీయించారు. రెండు గంటలు టెన్షన్. చివరికి ఒకాయన చేతి మిషన్ పట్టుకుని చుట్టూ తిరిగాడు. కంటైనర్ దగ్గర అంకె పెద్దగా కదల్లేదు, డ్రైవర్ దగ్గరికొచ్చేసరికి పరుగు అందుకుంది. మన నాయుడుపేట మనిషే పాపం. "నిన్న గుండెకి స్కాన్ తీశారండీ, చేతికేదో సూదేశారు" అన్నాడు చెమట తుడుచుకుంటూ. అది టెక్నీషియం, స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక మందు. ఆరు గంటలకోసారి సగమవుతుంది. మర్నాటికి పదహారో వంతే మిగిలినా గేటుకి అది చాలు.

ఇప్పుడు తమాషా చూడు. బాంబుకి వాడే యురేనియం 235 సగం కావడానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. అంత తాపీగా కిరణాలు వదిలే లోహం కూత ఏం పెట్టిస్తుంది? దాని ముఖ్యమైన గామా కిరణం బలం 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. ముద్ద లోపల పుట్టింది లోపలే ఆగిపోతుంది, బయటికొచ్చేది పైపొరది మాత్రమే. నాలుగైదు మిల్లీమీటర్ల సీసం చుడితే అదీ దాదాపు అయిపోయినట్టే.

ప్లుటోనియం వేరు, నోరు కట్టుకోలేని రకం. అందులో ఉండే ప్లుటోనియం 240 ఊరికే న్యూట్రాన్లు చిమ్ముతుంది. వాటికి సీసం అడ్డు కాదు, నీళ్లో మైనమో మందంగా కావాలి. 1989లో యాల్టా దగ్గర నల్ల సముద్రంలో 'స్లావా' యుద్ధనౌక మీద అమెరికా, సోవియట్ శాస్త్రవేత్తలు కలిసి నిజం వార్‌హెడ్‌తోనే (క్షిపణి మొనలో ఉండే అణుబాంబు) పరీక్ష చేశారు. క్షిపణి గొట్టం మీద పెట్టిన జెర్మేనియం డిటెక్టర్ యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ గుర్తుపట్టింది. సోవియట్ వాళ్లు హెలికాప్టర్ నుంచి కూడా న్యూట్రాన్లు పట్టారు. కాకపోతే వార్‌హెడ్ ఎక్కడుందో అందరికీ ముందే తెలుసు, దాన్ని దాచాలని ఎవడూ చూడలేదు. దూరం రెట్టింపైతే అందేది నాలుగో వంతేనని మర్చిపోకు.

2002లో అమెరికా ఏబీసీ టీవీ వాళ్లు ఇస్తాంబుల్ నుంచి న్యూయార్క్‌కి 6.8 కిలోల డిప్లీటెడ్ యురేనియం (235 చాలావరకు తీసేసిన రకం) లోపల సీసం పొర ఉన్న స్టీలు గొట్టంలో పెట్టి పంపారు. మరుసటేడు జకార్తా నుంచి లాస్ ఏంజిలిస్‌కి. రెండుసార్లూ దర్జాగా దిగిపోయింది. బాంబుకి పనికొచ్చే రకం కాదులే.

సీసం చుడితే ఎక్స్‌రేలో నల్లగా కనబడుతుంది కదా అంటావు. నిజమే, రెండు మిషన్లూ కలిస్తేనే పని. కానీ మా గ్రానైట్ బండి ఎక్స్‌రేలో మొత్తం నల్లగానే ఉంటుంది, ఇక అందులో మచ్చ ఎలా వెతుకుతారు? నగరంలో దాచిన బాంబుని ఏ పరికరంతో కనిపెడతారని 1946లో అడిగితే, అమెరికా తొలి అణుబాంబు తయారీని నడిపిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ చెప్పింది ఒకటే: స్క్రూడ్రైవర్. పెట్టెలన్నీ విప్పుకోమని!

అన్నట్టు, బాబాయి గారికి గుండె స్కాన్ ఇక్కడేగా? తిరిగి విమానంలో వెళ్తే ఆస్పత్రి కాగితం జేబులో ఉంచమను. మా డ్రైవర్ తనది లైసెన్సుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ మందు ఒంట్లోంచి ఎప్పుడో పోయిందయ్యా అంటే వినడు.

నీ
ప్రసాద్