పోస్ట్‌డాక్ రెండేళ్లు, పర్మిట్‌కు ఎన్నాళ్లు?

సంపాదకులకు,

జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకిచ్చే జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గడువు రెండేళ్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో షెడ్యూళ్లలోని (రక్షిత జాతుల జాబితాల్లోని) జంతువును పట్టి వదిలినా వేటే! అందుకు 12వ సెక్షన్ కింద, అభయారణ్య ప్రవేశానికి 28వ సెక్షన్ కింద రాష్ట్ర వన్యప్రాణి విభాగాధిపతి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. నల్లమలలో కృష్ణకు రెండు వైపులా పనిచేయాలంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు దరఖాస్తులు. వానల్లో కూసే కప్పలపై పరిశోధనకు అక్టోబరులో పర్మిట్ చేతికొస్తే ఆ ఏటి వానాకాలం దాటిపోతుంది, సగం ఫెలోషిప్ పోయినట్టే.

అభ్యర్థులు ఫెలోషిప్ ఫలితాల కోసం ఆగకుండా, మెంటార్ (పరిశోధన మార్గదర్శి) సంస్థ ద్వారా ముందే పర్మిట్ దరఖాస్తు పంపాలి. జాతి, సంఖ్య, పట్టే పద్ధతి, బీట్ (అటవీ శాఖ విభజించిన చిన్న ప్రాంతం), తేదీలు రాయాలి. ‘తదితర జాతులు’ అంటే ఫైలు వెనక్కే. అటవీ శాఖలూ నిర్ణయానికి గడువు ప్రకటించాలి.

— జంతుశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి