డయలు మార్చారా? మార్చామని చెప్పి అమ్ముకోండి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత వాచీలకి మళ్ళీ గిరాకీ వచ్చిందని, ముఖ్యంగా హెచ్ఎంటీ వాచీలు దొరికితే వదలొద్దని, ముందు ముందు మంచి రేటు వస్తుందని రాశారు. గిరాకీ మాట నిజమే, కాదనను. కానీ అది చదివి కొత్తగా కొనడానికి దిగేవాళ్ళకి ఒక్క జాగ్రత్త మాట కూడా అందులో లేదు. హైదరాబాద్‌లో పాత వాచీల పిచ్చి ఉన్నవాళ్ళతో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నవాణ్ణి కాబట్టి ఈ సరదాలో ఎక్కడ దెబ్బ తగులుతుందో నాలుగు ముక్కలు రాస్తున్నా, వీలుంటే వేయండి.

ముందు ఈ వాచీలంటే అంత ఇది ఎందుకో ఇప్పటి పిల్లలకి తెలీదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీలు మొదలయ్యాయి, మొదటి వాచీల్ని నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అంటూ వచ్చిన పేర్లు మన ఇళ్ళలో మనుషుల పేర్లలా వినపడేవి. పెళ్ళిలో అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ పెట్టిన రోజులవి, ఆ వాచీ అంటే మామూలుగా హెచ్ఎంటీనే. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాయంతో వాచీలు చేసింది, ఇప్పుడు ఆల్విన్ కాలనీ బస్సెక్కేవాళ్ళలో సగం మందికి ఆ సంగతి తెలీదు, అది వేరే కథ. 1984లో టైటాన్ కంపెనీ పుట్టాక హోసూరు నుంచి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు దిగాయి, కీ ఇచ్చే వాచీలు వెనకబడ్డాయి, చివరికి 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ హెచ్ఎంటీ వాచెస్‌ని మూసేయాలని నిర్ణయించింది (అదే నిర్ణయంలో మన మౌలాలిలోని హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది). మూత అనగానే జనానికి ప్రేమ పుట్టుకొచ్చింది. అప్పటిదాకా బీరువా అడుగున పడున్న వాచీకి రేటొచ్చింది, రేటు వెనకాలే మోసమూ వచ్చింది.

మోసం ఎలా ఉంటుందంటే, ఎండకి పగిలి మచ్చలు పడ్డ పాత డయలు తీసుకుని దాని మీద రంగంతా గీకేసి, కొత్త రంగు కొట్టి, పేరు మళ్ళీ అచ్చేస్తారు. దీన్ని రీడయల్ అంటారు. ముంబై వైపు ఇది పెద్ద పనే, విదేశాల్లో కలెక్టర్లు ఇలాంటి వాచీలకి 'ముంబై స్పెషల్' అని వెటకారంగా పేరు కూడా పెట్టారు. ఫొటోలో మెరిసిపోతుంటుంది. చేతికొచ్చాక కంటికి భూతద్దం పెట్టి చూడండి, '17 జ్యువెల్స్', 'పారాషాక్' అనే సన్న అక్షరాలు ఉబ్బిపోయి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, నిమిషాల గీతలు గంటల గీతల పక్కన సరిగ్గా పడవు, ముళ్ళు తిరిగే నడిమి కన్నం చుట్టూ పెయింట్ గడ్డకట్టి ఉంటుంది, 6 దగ్గర అంచున ఉండాల్సిన బుల్లి అక్షరాలు చాలావాటిలో అసలుండవు. ఇంకొందరు ఇంకాస్త ముందుకెళ్ళి డయలు మీద విమానం బొమ్మో జెండా బొమ్మో వేసి మిలిటరీ వాచీ అని అమ్ముతారు. సైన్యం కోసం జవాన్ అనే మోడల్ నిజంగానే ఉంది కాబట్టి కొత్తవాడు ఇట్టే నమ్మేస్తాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రంగు కొట్టించడం తప్పని నేను అనట్లేదు. ఫ్యాక్టరీయే లేనప్పుడు సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది? సుల్తాన్ బజార్ వైపు ఒక రిపేర్ ఆయన దగ్గర చూడాలి, పాత జర్దా డబ్బాల నిండా చచ్చిపోయిన వాచీలే, ఒకదాంట్లో బ్యాలెన్స్ చక్రం తీసి ఇంకోదాన్ని బతికిస్తాడు, ఇంకోదాంట్లో కీ తిప్పే కిరీటం తీసి మూడోదానికి పెడతాడు. ఆ పని లేకపోతే ఈ దేశంలో సగం జనతాలు ఈపాటికి తుక్కులో ఉండేవి. కానీ ఆయన వాచీ చేతికిచ్చేముందే చెప్పేస్తాడు, "సార్, మిషను ఒరిజినలే, డయలు పెయింట్ కొట్టింది, సెకన్ల ముల్లు వేరేదాంది, నచ్చితే తీస్కోండి" అని. అంతే, గొడవ లేదు, దానికి తగ్గ రేటు అడుగుతాడు, మనమూ నవ్వుతూ ఇచ్చేస్తాం. అదే వాచీని ఇంకొకడు 'అన్‌టచ్డ్, పెట్టెలోంచి ఇప్పుడే తీసింది, కొత్త పాత స్టాకు (అంటే అప్పటిదే, కానీ ఎవరూ వాడనిది)' అని రాసి నాలుగింతలకి అమ్ముతాడు చూడండి, అది సెకండ్ హ్యాండ్ కారు మీటరు వెనక్కి తిప్పి అమ్మడమే. అడిగితే, పాత వాచీ అన్నాక అన్నీ అలాగే ఉంటాయి సార్, కొనేముందు చూసుకోవాలి కదా అంటాడు. మూత తీసి మిషను ఫొటో పంపమంటే పంపడు, దుమ్ము పడుతుందట!

పేరున్న స్విస్ కంపెనీల 'ఫస్ట్ కాపీ', అంటే అచ్చం అసలులా చేసిన నకిలీ, అమ్మేవాళ్ళ సంగతి అసలు చెప్పక్కర్లేదు, అది సరదా కిందికే రాదు. వేరేవాళ్ళ ట్రేడ్‌మార్క్ దొంగగా వేసి సరుకు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద మూడేళ్ళదాకా జైలు పడొచ్చు. అయినా షాపులో దర్జాగా అద్దం కింద పెట్టి అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు.

అమ్మేవాళ్ళనే అనడం కూడా న్యాయం కాదు. కొనేవాళ్ళలోనూ ఘనులున్నారు. పెద్దాయన పోయిన ఇంటికి పరామర్శ పేరుతో వెళ్ళి, "ఇది నడవదమ్మా, స్క్రాపు, రెండొందలకి తీసుకుంటా" అని ఆ తల్లి దగ్గర కోహినూర్ పట్టుకెళ్ళి వారం తిరక్కుండా వేలల్లో అమ్మినవాడు నాకు తెలుసు, పైగా దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు, వినేవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. నాకైతే రీడయల్ అమ్మినవాడికంటే వీడి మీదే ఎక్కువ మండింది. ఇంకొందరు అన్నా నాకోసం పక్కన పెట్టు, రేపు డబ్బులేస్తా అంటారు, తర్వాత ఫోనెత్తరు, ఈలోపు నిజంగా కొనేవాడు పోతాడు. ముందు డబ్బులేయించుకుని మాయమయ్యేవాళ్ళూ ఉన్నారు. అలా పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సరుకు చెప్పినట్టు లేదని గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మీ వ్యాసంలో నాకు అసలు నచ్చనిది 'పెట్టుబడి' అన్న మాట. జనతా వాచీ సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే వినపడుతుంది, పొద్దున్నే వేలితో కీ తిప్పుతుంటే చివర్లో కాస్త బిగిసి ఇక చాలు అన్నట్టు ఆగుతుంది, రోజుకో నిమిషం అటో ఇటో పోతే రేడియో పెట్టుకుని సరిచేసుకోవచ్చు. దాని సుఖం అదీ. డబ్బాలో పెట్టి తాళం వేసి రేటు చూసుకునేవాడికి ఇందులో ఏం దొరుకుతుంది, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే నయం. నలుగురం కలిసినప్పుడు ఒకడు మూడొందల క్వార్ట్జ్ పెట్టుకొచ్చాడని నవ్వేవాళ్ళనీ చూశాను, వాళ్ళతో కూర్చుంటే టీ కూడా రుచించదు.

అందరూ మంచిగా ఉండాలి అని ఉత్తరం రాస్తే ఎవరూ మారరని నాకూ తెలుసు, కాబట్టి పనికొచ్చేది ఒకటి అడుగుతున్నా. హెచ్ఎంటీ ప్రజల డబ్బుతో నడిచిన ప్రభుత్వ సంస్థ, బెంగళూరు జాలహళ్ళిలో వాళ్ళ హెరిటేజ్ సెంటర్ మ్యూజియం కూడా ఉంది. ఏ మోడల్‌కి ఏ రంగుల డయళ్ళు వచ్చాయి, ఏ మిషను వేశారు, వెనక మూత మీద ఏం చెక్కారు అనేది పాత క్యాటలాగుల్లో, సర్వీసు పుస్తకాల్లో ఉంటుంది. వాటిని స్కాన్ చేసి అందరూ ఉచితంగా చూసుకునేలా ఒకచోట పెట్టమని భారీ పరిశ్రమల శాఖని మీలాంటి పత్రిక అడిగితే వింటారు, మాలాంటివాళ్ళం అడిగితే ఆ కాగితం ఎక్కడ పోతుందో తెలిసిందే. అది వస్తే కొత్తగా కొనే కుర్రాడు ఎవర్నీ నమ్మక్కర్లేదు, పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు.

ఈలోపు మీరు మళ్ళీ ఈ విషయం రాస్తే రేటు పట్టిక బదులు ఒక ఒరిజినల్ డయలు, ఒక రీడయల్ పక్కపక్కన పెద్ద సైజులో వేయండి. ఫొటోలకి వాచీలు కావాలంటే మా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, ఆఫీసుకి తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్