గేర్ బాక్స్ ఆయిల్ మార్చొద్దన్నదీ మీరే, ఎందుకు మార్చలేదని అడిగిందీ మీరే

కస్టమర్ కేర్ వాళ్లకి నమస్తే అండి,

విషయం: ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ గురించి మీ సర్వీస్ సెంటర్ రెండు మాటలు చెప్పడం గురించి ఫిర్యాదు.

2017లో కొన్న కారు, 6 స్పీడ్ ఆటోమేటిక్, ఇప్పటికి 94,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్నటిదాకా ఒక్క సర్వీస్ కూడా బయట చేయించలేదు, బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ మీరు చెప్పిన టైం కన్నా ముందే మార్పించే రకం నేను. గేర్ బాక్స్ ఆయిల్ సంగతి మాత్రం ఎప్పుడడిగినా ఒకటే జవాబు, "అది సీల్డ్ సర్, లైఫ్ టైం ఆయిల్, ముట్టుకోకూడదు". 40,000 దగ్గర అడిగా, 60,000 దగ్గర మళ్లీ అడిగా, రెండోసారి అయితే మీ అడ్వైజర్ నవ్వాడు కూడా, ఎవరో చాదస్తం మనిషి వచ్చాడన్నట్టు.

సరే, ముట్టుకోలేదు.

90,000 దగ్గర పడుతుండగా మొదలైంది. పొద్దున్నే రివర్స్ లో వేస్తే బండి వెంటనే కదలదు, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సేపు ఆగి ధడ్ మని పడుతుంది. తర్వాత 60, 70 స్పీడ్ లో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే కారంతా సన్నగా వణకడం, రోడ్డేమో నున్నగా ఉంది. మా అమ్మాయి వెనక నుంచి "నాన్నా, సీటు చక్కిలిగింతలు పెడుతోంది" అంది. నేను టైర్లేమో అనుకుని అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ చేయించా, అదో దండగ.

మీ దగ్గరికే తెస్తే రోడ్ టెస్ట్ వేసొచ్చి, "టార్క్ కన్వర్టర్ జడ్డర్ సర్, ఇన్నేళ్లలో ఆయిల్ మార్పించలేదా?" అన్నారు. జడ్డర్ అంటే వణుకట, ఇంజిన్ శక్తిని గేర్ బాక్స్ కి అందించే టార్క్ కన్వర్టర్ అనే భాగంలో పుడుతుందట. అదే కౌంటర్లో, అదే మనిషి! ఒళ్లు మండిపోయింది. పైగా గేర్ బాక్స్ మొత్తం మార్చాలట, వారంటీ అయిపోయింది కాబట్టి ఖర్చంతా నాదేనట.

ఇంటికెళ్లి మాన్యువల్ తీశా. సర్వీస్ టేబుల్లో గేర్ బాక్స్ ఆయిల్ లైన్ ఎదురుగా ఏమీ లేదు. ఎక్కడో వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో, సివియర్ కండిషన్స్ లో నడిపితే ముందే మార్చాలి అని ఉంది. ఏంటా కండిషన్స్ అంటే ట్రాఫిక్ లో ఆగుతూ కదులుతూ నడపడం, బాగా వేడి వాతావరణం, ఘాట్ రోడ్లు, బరువు లాగడం, చిన్న చిన్న దూరాలు. ఇందులో ఒక్కటి కూడా తగలని కారు ఎవరి దగ్గరుందండీ? పేరుకి సివియర్ గానీ అది అందరూ రోజూ చేసే డ్రైవింగే.

ఆ ఆయిల్ ఒట్టి గ్రీజులాంటిది కాదు కదా, మీకు నేను చెప్పాలా. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్ లో చక్రాల వైపు నెట్టేది అదే, ప్రెషర్ తో క్లచ్ లని పట్టించేది అదే, వేడిని మోసుకుపోయేదీ అదే. వేడికి కొన్నేళ్లు మాగాక దాని గుణం పోతుంది, అప్పుడు టార్క్ కన్వర్టర్ లోపల ఇంజిన్ నీ గేర్ బాక్స్ నీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ నున్నగా పట్టలేక వణుకు పుడుతుంది. గేర్ బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ వాళ్లే తమ ఆటోమేటిక్‌లకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకి ఆయిల్ మార్చమంటున్నారు. తయారుచేసినవాళ్లకి లేని ధీమా మీకెక్కడిది?

చివరికి బయట ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన తెల్ల టిష్యూ పేపర్ మీద రెండు చుక్కలు వేశాడు, ఒకటి కొత్త ఆయిల్, ఎర్రగా పల్చగా పాకింది, రెండోది నా కారుది, నల్లగా మధ్యలోనే కూర్చుంది, ముక్కు దగ్గర పెడితే మాడు వాసన. గేర్ బాక్స్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్ విప్పితే, అరిగిన ఇనప పొడిని పట్టే అయస్కాంతం మీద బూడిద రంగు బురద, దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి "మెత్తగానే ఉంది, ఇది మామూలు అరుగుదలే, రేకు ముక్కలు వస్తే భయపడాలి" అన్నాడు. బోల్ట్ విప్పితే సగం ఆయిలే దిగుతుందట, మిగతాది టార్క్ కన్వర్టర్ లోనే ఉండిపోతుందట, అందుకని కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు మార్చాడు. లెవెల్ కూడా ఇంజిన్ ఆన్ లో పెట్టి, ఆయిల్ వేడి మీటర్లో చూసుకుంటూ సరిచేశాడు. వణుకు చాలావరకు పోయింది. రివర్స్ లో ఆలస్యం ఇంకా కొంచెం ఉంది, అది మాత్రం మీ పుణ్యమే.

నాకు కావాల్సింది ఏంటంటే, నా మోడల్ గేర్ బాక్స్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్నేళ్లకి మార్చాలి, ఏ స్పెసిఫికేషన్ ఆయిల్ పోయాలి, ఒక అంకె వేసి కంపెనీ లెటర్ హెడ్ మీద రాసివ్వండి. లైఫ్ టైం అనే మాట అందులో ఉండకూడదు. మార్చొద్దన్నది మీరే కాబట్టి ఆయిల్ మార్పించిన ఖర్చు తిరిగివ్వండి, ఆ రివర్స్ ఆలస్యం కూడా మీ ఖర్చుతోనే చూడండి. ఇదే మోడల్ కొన్న మిగతావాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి, వాళ్లయినా వణుకు మొదలవక ముందే మార్పించుకుంటారు.

టిష్యూ పేపర్ ఫోటో, బిల్లుల కాపీలు దీంతో పాటే పంపుతున్నా. జవాబు ఫోన్లో వద్దండి, నోటిమాటలు నమ్మే ఇక్కడిదాకా వచ్చా.

ఇట్లు,
మీ కారు ఓనర్